రెండు చిలకల కలరు గోడ

జనం పుదుచ్చేరికి సముద్రం చూడ్డానికి పోతారు. నేను గోడలు చూడ్డానికి పోయాను. నెల్లూరు స్టేషన్‌లో నన్ను దించుతూ మా ఆయన, "మన ఊళ్ళో గోడలు లేవా?" అని దెప్పాడు. ఉన్నాయి. వాటిమీద పాత కూల్‌డ్రింకుల బొమ్మలు మాత్రం మిగల్లేదు. ఉన్న నాలుగూ ఎప్పుడో నేనే ఫోటోలు తీశాను. తర్వాత అవి పార్టీల రంగుల కిందా, సిమెంటు ప్రకటనల కిందా పడి చచ్చాయి.

మాకు ట్రంకు రోడ్డులో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళి ఫోటోలు పెద్ద స్టూడియోలవాళ్ళు తన్నుకుపోయారు, చిన్నా చితకా ఫోటోలు ఎవరి ఫోన్లో వాళ్ళే తీసుకుంటున్నారు. మాకు మిగిలినవి పాస్‌పోర్టు సైజులు, పటాలు. పటాలంటే పోయినవాళ్ళవి. ఆధార్ కార్డు తెచ్చి ముందు పెట్టి, "దినానికి కావాలక్కా, పెద్దది చెయ్యి" అంటారు. మసకగా ఉంటే పదును పెడతాం, మూసిన కళ్ళు తెరుస్తాం, చొక్కా లేకపోతే చొక్కా తొడుగుతాం. ఏళ్ళ తరబడి ఆ పని చేస్తే మనుషుల మొహాలు చూడబుద్ధి కాదు. అందుకే ఏడాదికోసారన్నా కెమెరా సంచి తగిలించుకుని, వెలిసిపోయిన కలరు సోడా బొమ్మల వెంట పడతాను. పిచ్చే. కాదనను.

పుదుచ్చేరికి నేరుగా పోయే రైళ్ళు నాకు వీలైన రోజుల్లో లేవు. పొద్దున్నే రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, మెట్రోలో కోయంబేడు చేరి, పదకొండు దాటాక సముద్రం పక్క రోడ్డున పోయే బస్సు పట్టుకున్నాను. మీరు వెళ్తే ఎడమవైపు కూర్చోండి, అక్కడక్కడా నీళ్ళు కనబడతాయి. నవంబరు నెల, ఆకాశం మురికి గుడ్డలా ఉంది. మరక్కాణం దగ్గర ఉప్పు మళ్ళు కూడా నల్లగానే కనబడ్డాయి.

నేను ఫోన్లో తెలుగులో మాట్లాడ్డం విని పక్క సీటావిడ మాట కలిపింది. ఊరు విల్లియనూరట, చెన్నైలో కూతురి దగ్గర పది రోజులుండి ఇంటికి పోతోంది.

"యాడికి పోతా ఉండావు?"

"పుదుచ్చేరికే. పాత గోడల ఫోటోలు తీస్తానమ్మా. కూల్‌డ్రింకుల బొమ్మలుంటాయి చూడండి, అవి."

"దానికి జీతం ఇస్తారా?"

"లేదు."

ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూసింది. తర్వాత జ్ఞాపకం చేసుకుని, "పెద్ద మార్కెట్టు వెనక మా తెలుగోళ్ళది సోడా కంపెనీ ఇల్లు ఒకటి ఉండాది. ఆ గోడమీద ఆడపిల్ల బొమ్మ ఉండె. ఇప్పుడు ఉండాదో లేదో" అంది. ఇల్లు ఎట్లా పోవాలో చేతులు తిప్పి చెప్పింది. ఆ తర్వాత మరక్కాణం నుంచి ఊరొచ్చేదాకా కూతురి అత్తగారిని తిట్టింది.

మూడు దాటాక దిగాను. బస్టాండు పక్క సందులో లాడ్జి, గది ఎనిమిది వందలు, ఫినాయిలు వాసన ఉచితం. సంచి పడేసి, ఎదురుగా హోటల్లో రెండు ఇడ్లీలు తిని బయల్దేరాను. ఊరి మధ్య పోయే కాలువకి సముద్రం వైపున్న పసుపు గోడల వీధుల్లో నాకేం పని లేదు. అక్కడ ప్రతి గోడకీ ఒక జంట ఆనుకుని ఫోటోలు తీయించుకుంటోంది. గోడలన్నిటికీ కొత్తగా పసుపు కొట్టారు, దాని కింద ఏం ఉండేదో ఎవరూ అడగరు. కాలువకి ఇవతలి వీధుల్లో తిరిగితే సాయంత్రానికి నాకు దొరికినవి రెండే. కరెంటు పెట్టె వెనక సగం సీసా ఒకటి. మూసేసిన కొట్టు నెత్తిన, పైకి లేస్తున్న బుడగలు మాత్రం మిగిలిన నారింజ కలరు బొమ్మ ఒకటి. ఆ బుడగలు తీస్తుంటే తుంపర మొదలైంది. ఇంత దూరం వచ్చింది దీనికా అని నా మీద నాకే విసుగొచ్చి, బస్సులో ఆవిడ చెప్పిన ఇంటికి నడిచాను.

సందు ఇరుకు. ఎదురెదురుగా రెండేసి అంతస్తుల ఇళ్ళు. సోడా కంపెనీ ఇంటి గోడ ఉత్తరం వైపు తిరిగి ఉంది, పైన ఇంత వెడల్పున సజ్జ. దాని కింద తల ఎత్తేసరికి నా కోపమంతా పోయింది. అరవంలో రాసిన పెద్ద ఎర్ర అక్షరాలు, వాటికి అటూ ఇటూ రెండు ఆకుపచ్చ చిలకలు. రంగు నిన్న వేసినట్టుంది. అక్షరాల పక్కన ఒక ఆడపిల్ల చెయ్యి, గాజులతో సహా, కలరు సీసా పైకెత్తి పట్టుకుని ఉంది. చేతి కింద మనిషి లేదు. మోచేతి దగ్గర్నుంచి కిందంతా ఉత్త గోడ. పైన ఇంత నిక్షేపంగా ఉండి కింద ఏమీ లేకపోవడం నాకు వింతగా అనిపించింది.

కెమెరా తియ్యగానే లోపల్నుంచి ఒకాయన వచ్చి అరవంలో గద్దించాడు. నా వచ్చీరాని అరవం విని నవ్వేశాడు.

"తెలుగేనా మీరు? మేమూ తెలుగే. ఇంట్లో మాట్లాడతాం, చదవను రాదు. మునిసిపాలిటీవాళ్ళేమో అనుకున్నా."

ఆయన పేరు ఆర్. దేవరాజు. సోడా కంపెనీ పెట్టినాయనకి మనవడు. ఇంటి ముందు భాగం కేకుల కొట్టుకి అద్దెకిచ్చాడట, వాళ్ళు గోడంతా మెరిసే రేకులతో కప్పుతామన్నారట. శుక్రవారం పనివాళ్ళు వస్తున్నారు. నేను వెళ్ళింది బుధవారం. మాకు నెల్లూర్లో ఫోటో స్టూడియో ఉందని చెప్పాను.

"స్టూడియో పెట్టుండారా మీరు? అయితే దేవుడే పంపినాడు" అన్నాడాయన. "మా అత్త ఉండాది, రంగమ్మాళ్ అని. ఈ బొమ్మలో ఉండేది వాళ్ళ అక్క. చిన్నప్పుడే పోయింది. ఫోటో లేదు. ఈ మొహం ఫోటో తీసి పటం కట్టియ్యి, అప్పురం రేకులు వేసుకో అనింది అత్త. పటం లేకపోతే ఒక మేకు కూడా కొట్టనియ్యదు."

"మొహం కనబడ్డం లేదే?"

"ఎండినప్పుడు కనపడదంట. తెల్లారి అత్త నీళ్ళు పోస్తే పైకి వస్తాదంట. ఆ టైముకు నేను యాడ లేస్తా, చూసి ఎన్నో ఏండ్లయింది."

తడి గోడ సంగతి నాకు తెలియంది కాదు. వెలిసిన రంగుమీద నీళ్ళు పడితే బొమ్మ లేచి కూర్చుంటుంది. అందుకే సంచిలో ఎప్పుడూ ఒక స్ప్రే సీసా వేసుకుని తిరుగుతాను. "రేపు పొద్దున్నే వస్తాను, తీసిస్తాను" అని గొప్పగా మాటిచ్చేశాను. పైగా కొంచెం పొంగిపోయాను కూడా.

గురువారం ఆరింటికల్లా సందులో ఉన్నాను. వాన లేదు, వెలుతురు పల్చగా ఉంది. తలుపు తీసుకుని రంగమ్మాళ్ వచ్చింది. డెబ్బై ఎప్పుడో దాటింది, ముందుకి వంగిన మనిషి, చేతిలో ఇత్తడి బిందె. నన్ను చూసి "ఫోటో అమ్మాయివా? నిలుచుకో, వస్తా ఉండా" అంది. వాకిట్లో నీళ్ళు చల్లింది, ఊడ్చింది. తర్వాత కళ్ళద్దాలు తీసి కిటికీలో పెట్టింది. నీళ్ళు చిందితే పాడవుతాయని దేవరాజు కోప్పడతాడట, కొత్త అద్దాలు. బిందెలో సగం నీళ్ళు చేత్తో దోసిళ్ళుగా తీసి గోడకి కొట్టింది, మిగతాది బిందెతోనే విసిరింది. అరచేత్తో మెల్లగా పైనుంచి కిందికి తుడిచింది.

"దినమూ అక్కకు ఇట్లా నీళ్ళు పోసి మొహం కడిగినంకనే ముగ్గు పెట్టేది. మా అమ్మ ఉన్నప్పటినించీ నాదే ఈ పని. చిన్నప్పుడు ఇంకా పైకి పోస్తా ఉంటి, ఇప్పుడు చెయ్యి లేవదు." కళ్ళు చిట్లించి గోడ వైపు చూసింది. ఆ ముడతల మొహం విప్పారింది. "వచ్చింది. చూడు. ముక్కు చూడు, మా అమ్మ ముక్కే. నుదుట బొట్టు కొంచెం వంకరగా పెట్టుకుంటాది, అది కూడా వేసినాడు చూడు."

నేను చూశాను. తడిసిన గార. ఇసుక రేణువులు. మూల కొంచెం పచ్చటి పాచి. ఇంకేమీ లేదు.

వెలుతురు చాలక కనబడ్డం లేదనుకున్నాను. పక్కనుంచి లైటు పెట్టాను, నేలమీద కూర్చుని తీశాను, ఎదురింటి మెట్లెక్కి తీశాను. నా వెనక ఆవిడ పక్కింటివాళ్ళకి పెళ్ళి కబురు చెప్పినంత సంబరంగా అక్క సంగతి చెబుతూనే ఉంది. ఆ ఇంట్లో ఆడపిల్లలకి పెళ్ళినాడే మొదటి ఫోటో. ముందే తీస్తే ఆయుసు తగ్గుతుందని వాళ్ళ నాన్న నమ్మకం. సోడాల మీద డబ్బు బాగా వచ్చిన ఏడు, కడలూరు నుంచి ఒక పెయింటరుని పిలిపించాడట.

"క్యాలెండరు ఒకటి ఇచ్చి, దీంట్లో ఉండే పిల్లను వెయ్యమన్నాడు మా నాయన. వాడు పనిచేసినన్ని దినాలూ అన్నం పెట్టింది కనకవల్లక్క. కడాకు చూస్తే గోడమీద క్యాలెండరు పిల్ల లేదు, అక్క ఉండాది. మా నాయన తాండవం ఆడినాడు. వీధిలో ఆడపిల్ల మొహమా, సున్నం కొట్టిస్తా అని. కొట్టించేలోగా అక్కకు కామెర్లు వచ్చినాయి. నెల తిరగలా. అప్పురం సున్నం మాట ఎత్తితే మా నాయనే ఏడ్చేవాడు."

"ఆవిడకి ఎన్నేళ్ళు అప్పటికి?"

"పదహారో పదిహేడో. నాకు ఎనిమిది. నాకు తల దువ్వేది అక్కే." ఆవిడ గోడమీంచి కళ్ళు తిప్పలేదు. "మా ఇంట్లో పోయినోళ్ళకు ఏటా పడయలు పెడతాం. పటాల ముందర ఆకులేసి అన్నం వడ్డిస్తాం. అందరికీ పటాలు ఉండాయి. అక్కకు లేదు, అక్క ఆకు ఇక్కడ, ఈ గోడ ఎదురుగా వేస్తాం. రేపు రేకులేసినంక అక్క ఆకు యాడ వెయ్యాల? అందుకే పటం. కొంచెం పెద్దదిగా చెయ్యి."

"ఏదీ, చూపించు" అని కెమెరాకి చెయ్యి చాచింది. లాడ్జికి పోయి కంప్యూటర్లో సరిచేసి సాయంత్రం తెస్తానని తప్పించుకున్నాను. అప్పుడే చెప్పేస్తే సరిపోయేదేమో, నోరు రాలేదు.

గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. రంగులు విడదీసి చూశాను, చీకటి పెంచాను, వెలుగు పెంచాను. భోజనానికి కూడా లేవలేదు. ఫోటో పెద్దది చేసేకొద్దీ ఒకటే తేటపడింది. గోడకి అడ్డంగా వంకర టింకరగా ఒక గీత ఉంది. గీతకి పైన చిలకలు, అక్షరాలు, సీసా, చెయ్యి కొత్తగా ఉన్నాయి. కింద రంగు వెలవలేదు, అసలు లేనే లేదు. అరిగి గార పైకి తేలింది. ఆ గీత బిందెడు నీళ్ళు విసిరితే అందేంత ఎత్తులో ఉంది. రోజూ కడిగి కడిగి అరగదీసింది ఎవరో అప్పుడు తెలిసింది.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "దానికింత ఏడుపెందుకు? ఇప్పుడు కంప్యూటరు ఏ మొహం అడిగితే ఆ మొహం ఇస్తుంది. ఒకటి చేసిచ్చి రా. ఆమెకేం తెలుస్తుంది?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, దుకాణంలో మేం రోజూ చేసేది దాదాపు అదే. ముక్కు గురించి చెప్పింది, బొట్టు గురించి చెప్పింది, గంటలో చెయ్యగలను. మొదలుపెట్టాను కూడా. తెరమీద ఒక పదహారేళ్ళ పిల్ల నన్ను చూసి నవ్వింది. చాలా బాగుంది. ఎవరో. ఏటా ఆకు వేసి, "తినక్కా" అని పిలిస్తే పలకడానికి ఆ పిల్ల ఎవరు? తీసేశాను.

ఐదింటికి సోడా కంపెనీ ఇంటికి పోయాను. ముందు దేవరాజుని పక్కకి పిలిచి చెబుదామనుకున్నాను. రంగమ్మాళ్ ఆ అవకాశం ఇవ్వలేదు. ముందు గదిలో గోడకి మేకు కొట్టించి, దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, కళ్ళద్దాలు పెట్టుకుని. దండలు వేసిన పటాల వరసలో ఆ మేకు ఒక్కటే ఖాళీ.

ల్యాప్‌టాప్ ఆవిడ ఒళ్ళో పెట్టాను. పొద్దున్న తీసిన వాటిలో అన్నిటికన్నా స్పష్టంగా వచ్చిన ఫోటో తెరిచాను.

"చిలకలు ఉండాయి. చెయ్యి ఉండాది" అంటూ వేలు తెరమీద కిందికి జరిపింది. ఆగింది. "అక్క ఏది?"

దేవరాజు వంగి చూసి నా మొహంలోకి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"నీ కెమెరాకు అందలేదు" అంది రంగమ్మాళ్. కోపంగా ఏం లేదు, నచ్చజెబుతున్నట్టు అంది. లేచి లోపలికి పోయి బిందె తెచ్చింది. "దీపాలేళ అత్తా, ఇప్పుడు నీళ్ళేంది" అని దేవరాజు అడ్డుపడబోతే వినలేదు. వాకిట్లోకి పోయి బిందెడు నీళ్ళూ గోడకి విసిరింది. ఈసారి కళ్ళద్దాలు తీయడం మరిచిపోయింది. అద్దాలమీద పడిన చుక్కలు కొంగుతో తుడుచుకుని గోడకి దగ్గరగా పోయి నిలబడింది.

చాలాసేపు చూసింది. ఒకసారి అద్దాలు తీసి చూసింది, మళ్ళీ పెట్టుకుని చూసింది. గోడ మెల్లగా ఆరిపోయింది.

"ఎప్పుడు పోయింది?" అని అడిగింది, గోడనే.

ఆవిడ నా వైపు తిరిగింది. "నీకు తెలుస్తాదే, నీ పనే అది. ఎట్లా పోయింది?"

"ఎండకమ్మా. పాత రంగులు కదా, ఎండకి వెలిసిపోతాయి."

రంగమ్మాళ్ సందు ఆ చివరనుంచి ఈ చివరిదాకా చూసింది. తలెత్తి సజ్జ వైపు చూసింది. "ఈ సందులో ఎండ యాడ పడతాది?" అంది. "వాన కూడా పడదు. సజ్జ ఉండాదే." తర్వాత చేతిలో ఖాళీ బిందెని చూసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. బిందె మెట్టుమీద పెట్టి పక్కనే కూర్చుంది. పోనీ ఆ చెయ్యి వరకు పటం కట్టిస్తాను, చెయ్యి బాగా వచ్చిందమ్మా అన్నాను. నోరు మూసుకుని ఉండాల్సింది. "చెయ్యికి ఎవరన్నా ఆకు వేస్తారా?" అంది. కాసేపటికి, "కాపీ తాగి పో. దూరంనించి వచ్చినావు" అని తనే లేచి లోపలికి పోయింది. ఆ కాఫీ ఎట్లా తాగానో నాకే తెలియదు.

సందు చివరిదాకా దేవరాజు నాతో నడిచాడు. "రేకులవాళ్ళను రావద్దని చెప్పలేను అక్కా, అడ్వాన్సు తీసుకున్నా" అన్నాడు. చెప్పమని నేను అడగలేదు.

శుక్రవారం పొద్దున ఆటో ఎక్కి, బస్టాండు పక్కనే ఉన్నా, మార్కెట్టు వెనకనుంచి తిప్పమన్నాను. ఆటోడ్రైవరు విచిత్రంగా చూశాడు. సందు మొదట్లో ఆపించి చూస్తే రంగమ్మాళ్ వాకిలి చల్లుతోంది. ఎప్పటిలా ఊడ్చింది. బిందెలో మిగిలిన నీళ్ళు గోడకి దూరంగా, మురుగు కాలవ దాకా మోసుకుపోయి, వంగి, చిందకుండా పారబోసింది. నేను దిగలేదు.

ఏడున్నర బస్సు దొరికింది. ఈసారి సముద్రం నాకు కుడివైపు, చూడాలనిపించలేదు. కలరు బొమ్మల కోసం పుదుచ్చేరి పోదామనుకునేవాళ్ళకి నేను చెప్పేదేమంటే, ఉన్నవి చాలా తక్కువ, ఉన్నవి కూడా వచ్చే ఏటికి ఉంటాయని నమ్మకం లేదు. కాలువ ఇవతలి వీధుల్లో పొద్దున్నే తిరగండి, ఇంటివాళ్ళని అడిగి తియ్యండి. తీసినదాన్ని అక్కడే చూపించమంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఇన్నేళ్ళుగా ఎంతమందికో పోయినవాళ్ళ మొహాలు తెచ్చిచ్చాను. ఒక ముసలావిడకి ప్రతి తెల్లారీ కనబడే మొహాన్ని ఒక్క సాయంత్రంలో తీసేసుకుని వచ్చాను. నేను వెళ్ళకపోయినా శుక్రవారం ఆ గోడ మూసేసేవాళ్ళే, అది వేరే సంగతి. కాకపోతే ఆ రేకుల వెనక అక్క ఉందని ఆవిడ అనుకుంటూ ఉండేది.

చెన్నైలో రైలెక్కాక, సూళ్ళూరుపేట దాటుతుండగా దేవరాజు ఫోన్ చేశాడు. రేకులు వేయడం అయిపోయిందట.

"అత్త గొడవ చెయ్యలేదా?" అని అడిగాను.

"లేదక్కా. కుర్చీ వేసుకుని వాళ్ళ పక్కనే కూర్చున్నది. ఒక్క చోట మాత్రం డ్రిల్లు పెట్టనియ్యలా. గోడకు చెయ్యి ఆనించి పెట్టి, ఇక్కడ కంతలు చెయ్యొద్దండి, మొహం ఇది అనింది."

"మరి వాళ్ళు?"

"అక్కడ బిగించకపోతే గాలికి రేకు కొట్టుకుంటా ఉంటాది అవ్వా అన్నారు. కొట్టుకోనియ్యండి అనింది."